అల్లూరి సీతారామరాజు జిల్లాలో పోస్టింగ్ – తెలిసినవాళ్లు చెప్పండి

భీమవరం_బుల్లోడు (18 జూలై 2023)
అందరికీ నమస్కారం. మా చెల్లికి ముంచంగిపుట్టు మండలంలో గ్రామ సచివాలయం ఉద్యోగం పడింది. మా ఇంట్లో అరకు దాటి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు, అమ్మకి ఒకటే టెన్షన్. పాడేరు నుంచి ఎంత లోపలికి వెళ్లాలి? అక్కడి జనం తెలుగు మాట్లాడతారా? ఏ పనికి కలెక్టరేట్‌కి వెళ్లాలి, ఏ పనికి ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) వెళ్లాలి? జ్వరాల సంగతేంటి? అద్దె ఇల్లు దొరుకుతుందా? ఇంకో చిన్న విషయం. అమ్మాయి ఎలాగూ అక్కడే ఉంటుంది కదా అని మా మావయ్య లంబసింగి దగ్గర రెండెకరాలు తీసుకుని టూరిస్టులకి టెంట్లు వేద్దామంటున్నాడు. రేట్లు ఎలా ఉన్నాయో కూడా చెప్పండి.

పాడేరు_శీను
ముందు మీ మావయ్యకి మ్యాప్ చూపించండి. లంబసింగి చింతపల్లి మండలం. ముంచంగిపుట్టు ఒడిశా బోర్డరు. ఒకటి పాడేరుకి ఇటు, ఇంకోటి అటు. విశాఖ నుంచి బస్సు మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు వస్తుంది, అక్కడి నుంచి పెదబయలు మీదుగా ముంచంగిపుట్టు. మండల కేంద్రంలో గదులు దొరుకుతాయి. సచివాలయం లోపలి పంచాయతీలో ఉంటే మాత్రం బండి నేర్చుకోవాల్సిందే.

రిటైర్డ్_డీటీ
సర్వీసంతా గిరిజన ఏజెన్సీలోనే చేశాను కాబట్టి చెబుతున్నాను. చెల్లెలి సంగతి తర్వాత, ముందు మావయ్య గారిని ఆపండి. అక్కడ రేటు అనే మాటే లేదు. 1959 భూ బదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణనే అందరూ 1/70 అంటారు. ఇలాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరి దగ్గర ఉన్నా సరే, గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే ఉన్న సొసైటీకో తప్ప ఇంకొకరికి బదలాయిస్తే చెల్లదు. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు.

వైజాగ్_రైడర్
సార్, చట్టం సరే. ప్రతి డిసెంబరులో లంబసింగి వెళ్తాం. రోడ్డు పక్కన వరసగా టెంట్లు, కాటేజీలు. అవన్నీ గాల్లోంచి ఊడిపడ్డాయా? కొనకపోతే లీజు తీసుకోవచ్చు కదా, మా ఫ్రెండ్ వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకున్నాడు.

రిటైర్డ్_డీటీ
ఆ పేపరు మీద మీరు టీ గ్లాసు పెట్టుకోవచ్చు, అంతే. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు బాబూ. లీజు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. కేసు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో నడుస్తుంది. ఆయన వెళ్లగొట్టమంటే పోలీసు వస్తాడు.

వైజాగ్_రైడర్
వచ్చిన పోలీసుని నేనింతవరకు చూడలేదు. టూరిజం పెరిగితే అక్కడివాళ్లకే కదా ఉద్యోగాలు?

చింతపల్లి_కుర్రోడు
ఏ ఉద్యోగాలన్నా? మా వాళ్ల పేరు మీద పర్మిషను, మీవాళ్ల జేబులో డబ్బు. పట్టా ఉన్న మా పెదనాన్న తన పొలంలోనే వాచ్‌మన్. రాత్రంతా టెంట్ల దగ్గర మంట వేసి, పొద్దున్నే మీరు పడేసిన సీసాలు ఏరుతున్నాడు. సంతకం పెట్టించుకున్న రోజు చూపించిన కాగితం వేరట, తర్వాత తెచ్చింది వేరట. ఆయనకి చదువు లేదు. దీన్నే టూరిజం అంటున్నారా?

వైజాగ్_రైడర్
నీ పెదనాన్న సంతకం పెడితే దానికి నన్నెందుకు తిడతావు?

చింతపల్లి_కుర్రోడు
తిట్టలేదు. స్టాంపు పేపరు గొప్ప చెప్పింది మీరే. ఆ పేపరు ఎవరి వేలిముద్రతో తయారవుతుందో చెప్పానంతే.

ఎటపాక_వాణ్ణి
లంబసింగి లంబసింగి అంటూ ఎంతసేపు? ఈ జిల్లాలో మేమూ ఉన్నామని ఎవరికైనా గుర్తుందా? 2014 దాకా మాది ఖమ్మం జిల్లా, భద్రాచలం మా టౌను. పోలవరం ముంపు అని మండలాలు ఆంధ్రాలో కలిపారు, భద్రాచలం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. కొన్నాళ్లు తూర్పు గోదావరి అన్నారు, కాకినాడ వెళ్లాం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అన్నారు, ఇప్పుడు పాడేరు వెళ్లమంటున్నారు. చింతూరు, మోతుగూడెం, సీలేరు, జీకే వీధి, చింతపల్లి మీదుగా అడవిలో అడవిలో వెళ్లాలి. లేదా మారేడుమిల్లి ఘాట్ దిగి, రంపచోడవరం మీదుగా చుట్టూ తిరగాలి. ఎలా వెళ్లినా కలెక్టరు గారికి అర్జీ ఇచ్చి అదే రోజు ఇంటికి రాలేం. ఇంటి ముందు నిలబడితే తెలంగాణ కనిపిస్తుంది, జిల్లా కేంద్రం చూడాలంటే మాత్రం రాత్రి ఎక్కడో పడుకోవాలి.

పాడేరు_శీను
చింతూరులో ఐటీడీఏ ఉంది కదా, అన్నింటికీ పాడేరు ఎందుకు రావాలి?

ఎటపాక_వాణ్ణి
ముంపు పరిహారం జాబితాలో పేరు పోతే ఐటీడీఏలో కలెక్టరేట్‌కి వెళ్లమంటారు. అక్కడికెళ్తే ఐటీడీఏ పీఓ (ప్రాజెక్టు ఆఫీసరు) గారి దగ్గరి నుంచి రాయించుకు రమ్మంటారు. కిందటేడు జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా ఇల్లు మునిగింది, కాగితాలు పోయాయి. ఆ కాగితాల నకళ్ల కోసమే తిరుగుతున్నా.

డుంబ్రిగుడ_పార్వతి
అడిగినాయన చెల్లి గురించి ఎవరూ చెప్పరేం? నేను చెప్తాను. ముంచంగిపుట్టు, పెదబయలు, మా డుంబ్రిగుడ వైపు ఊళ్లలో పెద్దవాళ్లు ఎక్కువగా మాట్లాడేది ఆదివాసీ ఒడియా. కోందుల ఊళ్లలో కువి. పిల్లలకి, సంతలో తిరిగేవాళ్లకి తెలుగు వస్తుంది. వాళ్లలో ఒకరిని పక్కన పెట్టుకుని నాలుగు మాటలు నేర్చుకుంటే మూడు నెలల్లో అలవాటైపోతుంది. భగత, కొండదొర, వాల్మీకి, కోటియ, కోందు, పోర్జ, గదబ, ఇలా చాలా తెగలు, ఒక్కో ఊరు ఒక్కోలా ఉంటుంది. అందరినీ పట్టుకుని ‘మీ గిరిజనులు’ అని మాత్రం అనొద్దని చెప్పండి. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి, నీరసమని ఊరుకోకూడదు. దోమతెర లేకుండా పడుకోకూడదు. వానాకాలమే జాయినింగు కాబట్టి గెడ్డ (కొండవాగు) పొంగిందని ఎవరైనా అంటే ఆ రోజు ఆగిపోవాలి, ఆఫీసరు ఎంత అరిచినా.

గ్రూప్2_ఆశావహుడు
పార్వతి గారూ, ఈ జిల్లాలో తెగల జనాభా ఎంత? తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరం ఏది, దేవమాలా, ఆర్మ కొండా, జిందగడా? మా కోచింగులో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

రిటైర్డ్_డీటీ
దేవమాలి ఒడిశాది, 1672 మీటర్లు. ఆర్మ కొండ 1680 అని పాత పుస్తకాలు, జిందగడ 1690 అని ఇప్పటివి. రెండూ మన వైపే. జిల్లా ఏర్పడినప్పుడు మొత్తం 22 మండలాలు, 12,251 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం తొమ్మిదిన్నర లక్షల మంది. నూటికి ఎనభై మందికి పైగా ఎస్టీలే. రాసుకో.

కొయ్యూరు_మాస్టారు
జిల్లా పేరు సంగతి కూడా రాసుకోమనండి. అల్లూరి పేరు పెట్టారు, సంతోషం. ఆయన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేశాడు. 1924 మే 7న ఆయన్ని కాల్చింది మా కొయ్యూరులో. మరి ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఏ జిల్లాలో ఉంది? అనకాపల్లిలో! గీత గీసినవాడు ఒక్కసారి పటం చూసి ఉంటే బాగుండేది.

చింతపల్లి_కుర్రోడు
మాస్టారూ, గాం గంటం దొర, మల్లు దొరల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? మల్లు దొర అండమాన్ జైలు నుంచి తిరిగొచ్చి 1952లో ఎంపీ కూడా అయ్యాడు. పేరంటే ఎప్పుడూ కింద మైదానం నుంచి వచ్చినవాళ్లదే.

కొయ్యూరు_మాస్టారు
ఒకరి పేరు ఎత్తితే ఇంకొకరిని చిన్నబుచ్చినట్టా నాయనా? అల్లూరి లేకపోతే గంటం దొర గురించి నువ్వు ఏ పుస్తకంలో చదివేవాడివి?

చింతపల్లి_కుర్రోడు
చదవలేదు మాస్టారూ. మా ముసలమ్మ చెప్పింది. పుస్తకంలో లేకపోతే లేనట్టేనా? పేరు సంగతి వదిలేయండి, ఉద్యోగాల సంగతి చూడండి. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 3 నంబరు జీవో 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో పోయింది. మా అక్క బీఈడీ చేసి ఇంట్లో కూర్చుంది. మొన్న మార్చిలో మైదాన ప్రాంత బోయ వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చాలని అసెంబ్లీలో తీర్మానం. భీమవరం నుంచి సచివాలయానికి, అనంతపురం నుంచి రిజర్వేషనుకి. మేమెక్కడికి పోవాలి?

భీమవరం_బుల్లోడు
తమ్ముడూ, మా చెల్లి పరీక్ష రాసి మెరిట్‌లో తెచ్చుకుంది. ఎవరి ఉద్యోగమూ లాక్కోలేదు.

చింతపల్లి_కుర్రోడు
మీ చెల్లిని అనలేదు. ఆవిడ రావాలి, ఉండాలి. చాలామంది జాయినై వారం తిరక్కుండా డిప్యుటేషను వేయించుకుని కిందికి దిగిపోతారు. జీతం ఇక్కడిది, కాపురం నర్సీపట్నంలో.

డుంబ్రిగుడ_పార్వతి
అది మాత్రం నిజం. మా పిన్ని ఊళ్లో ఏఎన్ఎం నెలలో ఎన్ని రోజులు ఉంటుందో ఎవరికీ తెలియదు. పిన్నికి నొప్పులొచ్చిన రోజు వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీలో మోశారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. గెడ్డలో దిగినప్పుడు బొంగు భుజం మీది నుంచి తలమీదికి ఎత్తారు, దుప్పటి తడవకుండా. అంబులెన్సు తారు రోడ్డు మీద ఎదురుచూస్తోంది, ఆ రోడ్డు కొండ కింద. పిన్ని, పాప బాగానే ఉన్నారు.

వైజాగ్_రైడర్
రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరానికి 516ఈ హైవే పని జరుగుతోంది కదా. అది పూర్తయితే ఈ డోలీలు పోతాయి.

డుంబ్రిగుడ_పార్వతి
హైవే మీ బైకుకి. మాకు కావాల్సింది ఊరి నుంచి ఆ హైవే దాకా ఉన్న దారి.

కాఫీ_రైతు
ఇంత మాట్లాడారు, కాఫీ ఊసే లేదు. పాడేరు అంటే కాఫీ కదా. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియం పాదు. 2019లో అరకు అరబికాకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. హైదరాబాదులో కప్పుకి ఎంత తీసుకుంటున్నారో మీకే తెలుసు. మేం ఎర్రగా పండిన చెర్రీ ఒక్కొక్కటీ ఏరి, పల్పరులో వేసి, తోలు తీసి, కడిగి, ఎండబెడతాం. పచ్చికాయ కలిస్తే రుచి పోతుంది, తేమ మిగిలితే బూజు. అంతా చేసి సంతకి తెస్తే వ్యాపారి గుప్పెడు తీసి వాసన చూసి ‘బాగా ఎండలేదు’ అంటాడు. ఏటా అదే మాట. ఎండినా అదే, ఎండకపోయినా అదే.

పాడేరు_శీను
జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) అమ్ము అన్నా. తూకంలో మోసం ఉండదు.

కాఫీ_రైతు
తూకం సరే, డబ్బులు ఎప్పుడు పడతాయి? పండగకి చేతిలో కావాలి. వ్యాపారి ముందే అప్పు ఇచ్చి ఉంటాడు, వాడికి కాక ఇంకెవరికి పోస్తాం?

గ్రూప్2_ఆశావహుడు
సమతా తీర్పు ఏ సంవత్సరం? 1997 కదా? ఆ కేసు ఏ మండలం గురించి?

రిటైర్డ్_డీటీ
1997. అనంతగిరి మండలం, బొర్రా వైపు గనుల లీజులు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వమైనా సరే ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదన్నారు. ప్రభుత్వానికే కుదరనిది మీ మావయ్య టెంట్లకి కుదురుతుందా అని భీమవరం ఆయన్ని అడగండి.

భీమవరం_బుల్లోడు
మావయ్యకి చెప్పాను సార్. ఆయన ఇప్పుడు అరకులో అయితే కుదురుతుందా అంటున్నాడు.

చింతపల్లి_కుర్రోడు
అరకు ఏ జిల్లాలో ఉందనుకుంటున్నాడు ఆయన?

ఎటపాక_వాణ్ణి
ఎవరైనా చింతూరు నుంచి వీఆర్ పురం వెళ్లేవాళ్లుంటే ఈ రోజు వద్దు. సోకిలేరు వాగు రోడ్డెక్కింది. శబరి కూడా పెరుగుతోంది.