రెండు ట్యాంకుల మధ్య చేపల వంతెన పెట్టొచ్చా, వద్దా?

ఎంవీపీ రెండు ట్యాంకులు

అందరికీ నమస్తే అండి. మాది ఎంవీపీ కాలనీ, రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో కిటికీకి అటొకటి ఇటొకటి రెండు ట్యాంకులున్నాయి, ఒకటి 3 అడుగులది, ఇంకోటి 2 అడుగులది, రెండూ అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు, స్టాండ్లు కూడా ఒకే ఎత్తు. పెద్దదాంట్లో ఏంజెల్ చేపలు 4, అడుగున తిరిగే కోరీ చేపలు 5. చిన్నదాంట్లో అన్నీ గప్పీలే, ఎన్నున్నాయో లెక్కపెట్టడం మానేశాను, పిల్లలు పెడుతూనే ఉన్నాయి.

ఈ రెండింటినీ కలుపుతూ యాక్రిలిక్ షీటుతో ద్వారబంధం ఆకారంలో నాలుగంగుళాల చదరపు గొట్టం చేయిద్దామని ఉంది. రెండు కాళ్లూ రెండు ట్యాంకుల నీళ్లలో మునిగుంటాయి, పైన అడుగు ఎత్తులో రెండడుగుల పొడవున నీళ్లతో నిండిన దారి, చేపలు అందులోంచి ఇటూ అటూ తిరుగుతాయి. లోపల గాలి పీల్చేస్తే నీళ్లు వాటంతటవే పైకెక్కి నిలబడతాయి, బయట గాలి ఒత్తిడే పట్టుకుంటుంది, 10 మీటర్ల నీటిని నిలబెట్టే ఒత్తిడికి మన అడుగెంత. మా పాప అయితే రోజూ అదే అడుగుతోంది. మా ఆవిడ మాత్రం నీళ్లన్నీ హాల్లోకొచ్చి కింది ఫ్లాటులో కారితే వాళ్లకేం చెప్తావంటోంది. పెట్టొచ్చంటారా? అసలు చేపలకి దీనివల్ల మంచేనా?

గాజువాక పాతకాపు

వద్దు తమ్ముడూ. నీళ్లు కారడం సంగతి తర్వాత, ముందు రోగం సంగతి ఆలోచించు. నాను ఇదే సరదాతో రెండు ట్యాంకులకీ పక్కన కన్నాలు కోయించి పైపుతో కలిపీసాను, వంతెన కాదుగానీ పని ఒకటే. ఆరునెల్లు బ్రహ్మాండంగా ఉంది. ఒక ఆదివారం నాలుగు మోలీలు తెచ్చి, విడిగా ఉంచకుండా, ఏటవుద్దిలే అని నేరుగా వదిలేసాను. మూడో రోజు ఒక మోలీ తోక చివర ఒక్కటంటే ఒక్క తెల్ల చుక్క, ఉప్పు గింజంత, లైటు వేసి అద్దానికి ముక్కు ఆనించి చూస్తే గానీ కనపడలేదు. ఐదో రోజుకి అటు ట్యాంకులో చేపలన్నిటి మీదా ఉప్పు చల్లినట్టే.

ఆ తెల్ల చుక్క అంటే పురుగే, అది చేప మీద బలిసి కిందకి రాలుద్ది, అడుగున అంటుకుని వందల ముక్కలవుద్ది, ఆ ముక్కలు మళ్లీ ఈదుకుంటూ ఇంకో చేపని వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ఆ ఈదే దశలోనే, చేప ఒంటి మీదున్నప్పుడు దాన్ని ఏటీ చెయ్యలేం. మన వైజాగ్ వేడికి అదంతా రోజుల్లో అయిపోద్ది. విడివిడిగా ఉంటే ఒక ట్యాంకుకే మందేసి రెండోది కాపాడుకుందును. కలిసున్నాయి కాబట్టి రెండిట్లోనూ పోనాయి. పదకొండేళ్ల నుంచి చేపలు పెంచుతున్నాను, అంత నష్టం ఎప్పుడూ చూళ్లేదు. రెండో ట్యాంకు ఉన్నదే ఒకదాంట్లో తేడా వస్తే ఇంకోటి మిగలడానికి, ఆ గోడ మనమే తీసీసుకోకూడదు.

మధురవాడ గప్పీ పిచ్చి

అన్నా మీ బాధ అర్థమైంది కానీ అది కొత్త చేపల్ని విడిగా ఉంచకపోవడం వల్ల వచ్చింది, పైపు వల్ల కాదు. కొత్తవాటిని మూణ్ణాలుగు వారాలు వేరే టబ్బులో పెడితే సరిపోయేది.

నా దగ్గర వంతెన ఉంది, ఏడాది దాటింది, చిన్నదే, మూడంగుళాలు. పెట్టిన మొదటి నాలుగు రోజులు ఒక్కటి కూడా ఎక్కలేదు. గుమ్మం దగ్గరకొచ్చి ఆగిపోయేవి. ఐదో రోజు పొద్దున ఒక నిండు కడుపు ఆడ గప్పీ, బూడిద రంగుది, మెల్లిగా పైకి లేచి ఒక జానెడు ఎక్కి, అక్కడే రెక్కలాడిస్తూ నిలబడి కిందకి చూసుకుని, మళ్లీ దిగిపోయింది. అలా మూడుసార్లు. నాలుగోసారి దాటేసింది. అప్పుడు నేను ఆఫీసుకి లేటయినా అక్కడే కూర్చున్నా. ఆ తర్వాత మేత రెండో వైపే వేయడం మొదలుపెడితే రెండు రోజుల్లో అన్నీ నేర్చుకున్నాయి, ఇప్పుడు డబ్బా మూత చప్పుడుకే వరసగా దాటుతాయి. గప్పీ అంటే దక్షిణ అమెరికా వైపు వాగుల చేప, మన మురుగుకాల్వల్లో దోమల కోసం వదిలితే కూడా బతుకుతుంది, దానికి తిరగడం కావాలి, మనం రెండడుగుల గాజులో పెట్టేసి అది సుఖంగా ఉందనుకుంటున్నాం. పైగా మీ రెండు ట్యాంకులూ కలిపితే 127, 85 కలిసి 212 లీటర్లు, నీళ్లెక్కువైతే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషం పలచబడుతుంది కదా. పెట్టేయండి బ్రదర్.

సీతమ్మధార టీచర్

గప్పీ పిచ్చి గారూ, ఆ 212 లీటర్ల లెక్క దగ్గరే నాకు అభ్యంతరం. రెండు వైపులా మట్టం సమానంగా ఉన్నాక వంతెనలో నీళ్లు దాదాపు కదలవండి, నీరు పల్లమెరుగు అంటారు, పల్లం లేనప్పుడు అది ఎక్కడికీ పోదు. చేపలు దాటుతాయి గానీ నీళ్లు కలవవు. అటు అమ్మోనియా అటే ఉంటుంది, ఇటుది ఇటే.

సరే కలిసేలా చేద్దామని ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి పంపు పెట్టి, వంతెన గుండా నీళ్లు తిరిగొచ్చేలా పెడతారు చాలామంది. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే. గంటకి 600 లీటర్ల పంపు అంటే నిమిషానికి 10 లీటర్లు. రెండడుగుల ట్యాంకులో ఒక అంగుళం నీళ్లంటే 5 లీటర్లకి కాస్త తక్కువ. వంతెనలో గాలి నిండి నీటి దారి తెగిందనుకోండి, లేదా మొక్క ఆకులు గుమ్మానికి అడ్డం పడ్డాయనుకోండి, నిమిషానికి రెండంగుళాల చొప్పున చిన్న ట్యాంకు పొంగుతుంది. మీరు వంటింట్లోంచి వచ్చేసరికే నీళ్లు నేల మీద ఉంటాయి. ఎంవీపీ గారి ఆవిడ భయం నిజమైందే, కానీ ఆ భయం పంపు ఉంటేనే. పంపు లేకుండా వట్టి వంతెన తెగితే వరద రాదు.

ఇంకోటి ఎవరూ అడగలేదు. చేపలు లెక్కప్రకారం పంచుకుని ఉండవు. మేత ఎటు వేస్తే అటు, లైటు ఎటుంటే అటు, అన్నీ ఒకే పక్కకి చేరతాయి. ఆ రాత్రికి 85 లీటర్ల ట్యాంకే మొత్తం చేపల్ని మోయాలి. కాబట్టి రెండు వైపులా విడివిడిగా ఫిల్టరు ఉండాలి, ప్రతి ఫిల్టరూ మొత్తం చేపలకి సరిపోవాలి, చేపల సంఖ్య చిన్న ట్యాంకుని చూసి పెట్టుకోవాలి, 212 చూసి కాదు.

అన్నట్టు ఏంజెల్స్ ఉన్న ట్యాంకుకి గప్పీల ట్యాంకు కలపడమేంటండీ, ఆ పిల్లలన్నీ వాటికి టిఫినే. ఏంజెల్ జత గుడ్లు పెట్టిందంటే వంతెన గుమ్మం దగ్గర కాపలా కాసి ఎవర్నీ దాటనివ్వవు కూడా.

గోపాలపట్నం అద్దాల పని

నేను ట్యాంకులు కడతాను, ఇలాంటివి రెండు చేశాను. బాబూ నువ్వు చెప్పిన కొలతకి నీటి పైన ఉండే భాగంలోనే 12 లీటర్లకి పైగా పడతాయి, అంటే 12 కిలోల పైమాటే, ఆ బరువు ట్యాంకు అంచుల మీద ఆనించకు, కింద స్టాండు నుంచో గోడ నుంచో విడిగా ఊతం పెట్టు. రెండోది, వంతెనలో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ కాబట్టి గాలి దాన్ని లోపలికి నొక్కుతుంది. అడుగు ఎత్తున చదరపు సెంటీమీటరుకి 30 గ్రాములు, వినడానికి చిన్నదే, కానీ నీ పై పలక మొత్తం మీద 18 కిలోలు. పల్చటి షీటు లోపలికి వంగిపోయి అతుకు నోరు తెరుస్తుంది. 6 ఎం.ఎం. కన్నా తక్కువ వాడొద్దు. యాక్రిలిక్‌కి సిలికాన్ సరిగ్గా పట్టదు, అతుకు క్లోరోఫాం లాంటి కరిగించేదాంతోనే వెయ్యాలి.

దాంట్లో లీకు ఉన్నా నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. అందుకే జనం లీకు లేదనుకుంటారు. పైన బుడగ చేరుతుందంటే అదే గుర్తు. అతుకు బాగున్నా కూడా నీళ్లలో కరిగిన గాలి విడిపోయి కొంత చేరుతుంది, దానికి పై పలకలో సన్న ఎయిర్ ట్యూబు బిగించి దాని చివర, ట్యాంకులోనే నీళ్లు తిప్పే చిన్న మోటారు, అదే పవర్‌హెడ్ గాలి పీల్చే నోటికి తగిలిస్తే అది బుడగని లాగేస్తూ ఉంటుంది.

వంతెన కాళ్లు నీళ్లలో మూడంగుళాలు మునగాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. తక్కువైతే ఎండాకాలం ఫ్యాను కింద నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంది, నువ్వు ఊరెళ్లొచ్చేలోపు గాలి దూరి వంతెన ఖాళీ అయిపోతుంది. ఎక్కువైతే చిన్న ట్యాంకు పగిలిన రోజు పెద్దదాంట్లో నీళ్లు కూడా వంతెన మూతి దాకా పోతాయి. మూడంగుళాలైతే పెద్ద ట్యాంకులో పోయేది ఎక్కువలో ఎక్కువ 21 లీటర్లు. ఆ 12 లీటర్లు ఒక్కసారి కిందికి దిగితే రెండు ట్యాంకుల్లోనూ మట్టం అంగుళం లేస్తుంది, కాబట్టి పైన అంగుళంన్నర ఖాళీ ఎప్పుడూ వదులు.

గాజువాక పాతకాపు

టీచరమ్మ చెప్పింది బాగుంది, పంపు వద్దన్న మాట నాకూ నచ్చింది. కానీ కరెంటు పోయిన రోజు సంగతి ఎవరూ అన్లేదు. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ వచ్చినపుడు మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. అప్పుడు నా ట్యాంకులు రెండూ విడిగానే ఉండీవి. గంటకోసారి చెంబుతో ముంచి పైనుంచి ధారగా పోసేవాణ్ణి, నీళ్లలో గాలి కలవాలని, రాత్రులు కూడా, కొవ్వొత్తి పట్టుకుని. చేపలన్నీ మూతులు పైకెట్టి ఆడించుకుంటా నీటి మీదే ఉండీవి. కిక్కిరిసున్న ట్యాంకులో చాలా పోనాయి, పలచగా ఉన్నదాంట్లో ఒక్కటీ పోలేదు. వంతెన ఉండుంటే? దాంట్లో నీళ్లకి గాలి తగిలే పైముఖమే లేదు. చీకట్లో పైకెక్కి ఇరుక్కున్న చేప గాలికోసం పైకే చూస్తుంది గానీ కిందకి దిగాలని దానికి తెలీదు. బుడగ లాగే పవర్‌హెడ్ కూడా ఆగిపోద్ది. సముద్రం పక్కన ఉన్నవాళ్లం, తుపాను మళ్లీ రాదని ఎవరు చెప్తారు?

మధురవాడ గప్పీ పిచ్చి

ఇది నిజమే అన్నా, నేను దీన్ని ఆలోచించలేదు. నా వంతెనకి రెండు గుమ్మాల దగ్గరా జాలీ పెట్టే ఏర్పాటు ఉంది, శుభ్రం చేసేటప్పుడు చేపల్ని కిందికి తోలి వేస్తాను. కరెంటు పోగానే అదే వేసేయొచ్చు. 212 లెక్క కూడా వెనక్కి తీసుకుంటున్నా టీచర్ గారూ. కానీ వంతెన వద్దన్న మాటకి మాత్రం ఒప్పుకోను, ఆ బూడిద గప్పీ దాటడం చూసినవాణ్ణి.

ఎంవీపీ రెండు ట్యాంకులు

అందరికీ చాలా థాంక్స్. రాత్రి మా ఆవిడా నేనూ కలిసి ఇదంతా చదివాం. ఏంజెల్స్ సంగతి మేడం చెప్పేదాకా నాకు తట్టనేలేదు, పాపకి చెప్తే అది వెంటనే అయితే వద్దు నాన్నా అనేసింది. ఏంజెల్స్ నాలుగూ, కోరీలూ మా తమ్ముడి 4 అడుగుల ట్యాంకుకి వెళ్తున్నాయి, ముందు మూడు వారాలు వాడి టబ్బులో. పెద్ద ట్యాంకులోకి కొత్త చేపలేవీ రావు, రెండు వైపులా ఈ గప్పీలే.

చేపలు లేకుండా ముందు వంతెన ఒక్కటే పెట్టి చూస్తున్నా, ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మేస్త్రీలు లెవెల్ చూసే సన్న ట్యూబు పెట్టి చూస్తే స్టాండ్లు సమానమే కానీ నేల వాలుంది, చిన్న ట్యాంకు పావు అంగుళం కిందికి ఉంది, దాని కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాను. ఎయిర్ ట్యూబు ఇంకా పవర్‌హెడ్‌కి తగిలించలేదు, కావాలనే, అతుకు ఎలా ఉందో తెలియాలని. రోజూ సాయంత్రానికి పైన బొటనవేలంత బుడగ చేరుతోంది, ఎప్పుడూ చిన్న ట్యాంకు వైపు మూలనే. గోపాలపట్నం అన్నా, ఇది నీళ్లలోంచి విడిపోయే గాలేనా, లేక ఆ మూల అతుకేనా?

గోపాలపట్నం అద్దాల పని

ఎప్పుడూ ఒకే మూలంటే రెండు కారణాలుంటాయి బాబూ. వంతెన ఆ పక్కకి కాస్త ఎత్తుగా ఉంటే బుడగ ఎక్కడ పుట్టినా అక్కడికే చేరుతుంది. ముందు చిన్న ట్యాంకు వైపు ఊతం కింద ఒక అట్టముక్క తీసి, అటు పక్క కొంచెం దించి చూడు. బుడగ రెండో మూలకి మారిందా, అది మామూలు గాలే, గప్పీల్ని వదలొచ్చు. మారకుండా అదే మూల అతుకు దగ్గర్నుంచి సన్నగా వరసగా చుక్కలు లేస్తుంటే మాత్రం దించి నా దగ్గరికి తీసుకురా, మళ్లీ అతికిస్తాను.

గాజువాక పాతకాపు

గప్పీల్ని వదిలే ముందు ఒక మాట చెప్పు తమ్ముడూ. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, ఆదివారం పూర్ణా మార్కెట్టుకి వస్తాను, పట్టుకుపో.