సమస్యాపూరణం: చెక్కుచెదరని నావయె చెడిన నావ

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదిగో. ఛందస్సు తేటగీతి.

చెక్కుచెదరని నావయె చెడిన నావ

మామూలుగా విషయం మీ ఇష్టానికే వదిలేస్తాను. ఈసారి మాత్రం నేనే ఇస్తున్నాను: స్టార్ ట్రెక్ వాయేజర్. 1995 జనవరి 16న, యూపీఎన్ అనే కొత్త అమెరికన్ ఛానల్ ప్రారంభమైన రోజునే మొదలై, 2001 మే 23న ముగిసిన సిరీస్. ఏడు సీజన్లు నడిచింది.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. వాయేజర్ అనే అంతరిక్ష నౌక ఒక తిరుగుబాటు ముఠాను తరుముతూ వెళ్లి, ఆ ముఠాతో సహా 70,000 కాంతి సంవత్సరాల అవతల పడిపోతుంది. పూర్తి వేగంతో వచ్చినా ఇంటికి చేరడానికి 75 ఏళ్లు పడుతుంది. దారిలో రేవులు లేవు, తెలిసినవాళ్లు లేరు, విడిభాగాలు దొరకవు. నిన్నటిదాకా శత్రువులైనవాళ్లతో కలిసి కాపురం చెయ్యాలి. ఇంత గొప్ప ఊహ టీవీలో ఎంత అరుదుగా వస్తుంది! చేతికందిన ఆ ఊహను ఏడేళ్లపాటు వృథా చేశారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పాదం. రండి.

వేగుచుక్క:
నిర్వాహకులకు నమస్కారం. నా పూరణ:

వారమున కొక్క యుద్ధమ్ము వచ్చి పోవు
గాయ మొక్కటి మరునాడు కానరాదు
దారిపొడవున నొక రేవు దక్కకున్న
చెక్కుచెదరని నావయె చెడిన నావ

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలూ సిరీస్ మొత్తాన్ని చెప్పేశాయి వేగుచుక్క గారూ. ఒక వారం నౌక పొట్ట చీలిపోతుంది, పై వారం కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ వస్తుంది. ఎవరు బాగుచేశారు, దేనితో బాగుచేశారు అని అడిగే పాత్ర ఒక్కటీ ఉండదు.

ఒక చిన్న సవరణ. మూడో పాదం చివరి 'దక్కకున్న' అసలు 'దక్కకున్నన్', అంటే నకారంతో ముగిసే ద్రుతాంతం. దాని తరువాత సరళాదేశం వచ్చి, చకారం జకారమై, 'జెక్కుచెదరని' అనాల్సి వస్తుంది. యతి చెడదు గానీ ఇచ్చిన పాదాన్ని కదపడమెందుకు? 'దారిపొడవున నొక రేవు దక్కలేదు' అంటే సరిపోతుంది. వాక్యం అక్కడే ఆగడం వల్ల నాలుగో పాదానికి బలం కూడా వస్తుంది.

వేగుచుక్క:
బాగుంది, అలాగే మారుస్తాను. ధన్యవాదాలు.

గొల్లకావిడి:
నేను వై2కే రోజుల్లో న్యూజెర్సీ వెళ్లినప్పుడు ఈ సిరీస్ చూశాను. సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి కాబట్టి నా కళ్లు లెక్కల మీదే ఉండేవి. మొదటి సీజన్లో 'ద క్లౌడ్' అని ఒక ఎపిసోడ్ ఉంది. నౌకలో ఫోటాన్ టార్పెడోలు, అంటే శత్రువుల మీద పేల్చే అస్త్రాలు, 38 మాత్రమే ఉన్నాయని, అయిపోతే మళ్లీ తెచ్చుకునే దారి లేదని అందులో స్పష్టంగా చెబుతారు. కెప్టెన్ జేన్‌వే కాఫీ దొరక్క అల్లాడేదీ అందులోనే. అది చూసి, ఇక ప్రతి టార్పెడోకీ, ప్రతి కప్పు కాఫీకీ లెక్క చూపిస్తారని ఎంత సంబరపడ్డానో!

ముప్పదెనిమిదె యన్నారు మొదటి యేట
లెక్క మరచిరి తరువాత లేఖకులును
వేసి వేసియు నమ్ములు వెలితి లేదు
చెక్కుచెదరని నావయె చెడిన నావ

నిర్వాహకుడు:
అన్నా, ఇది మీరు మాత్రమే రాయగల పద్యం. 'మొదటి యేట'తో యతి ఎంత సహజంగా పడిందో! ఆ 38 ఏనాడో దాటిపోయింది. అది చిన్న విషయమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కరువు ఉందని మొదటే చెప్పిన కథలో కరువు కనిపించకపోతే, ఆ తరువాత కెప్టెన్ ఏ నిర్ణయం తీసుకున్నా మనకు టెన్షన్ ఉండదు. 'ఇప్పుడు పేల్చనా, దాచుకోనా' అన్న ప్రశ్నే మాయమైపోతుంది. నాటకమంతా ఆ ప్రశ్నలోనే కదా ఉంది!

పిల్లలకోడి:
నౌక సంగతి సరే, మనుషుల సంగతి చెప్పరేం?

పగతు రిరువర్గముల వారు పడవ నెక్కి
ఒక్క పూటలో నొక దుస్తు చక్కఁ దొడిగి
తగవు మరచిన కథ కింక దారి యేది
చెక్కుచెదరని నావయె చెడిన నావ

'నావ' అంటే ఇక్కడ నావలోని జనం. వాళ్ల మధ్య చిన్న బీట కూడా పడలేదన్నది నా ఫిర్యాదు. తిరుగుబాటుదారులైన మాకీలు మొదటి ఎపిసోడ్ ముగిసేసరికి వాయేజర్‌ను నడిపే దళమైన స్టార్‌ఫ్లీట్ యూనిఫాం వేసుకుని డ్యూటీలో నిలబడతారు. ప్రాణాలకు తెగించి ఎదిరించిన వ్యవస్థ బట్టలు అంత తేలిగ్గా ఎలా ఒంటికి పట్టాయి?

వేగుచుక్క:
కొంచెం అన్యాయం అక్కా. మాకీలతో వచ్చిన సెస్కా చేసిన ద్రోహం ఉంది. మాకీలకు నౌక భద్రతాధికారి టువాక్ శిక్షణ ఇచ్చే ఎపిసోడ్ ఉంది. అసలే చూపించలేదని అనలేం.

పిల్లలకోడి:
ఉన్నాయి తమ్ముడూ, కాదనను. కానీ మూడో సీజన్లో వచ్చిన 'వర్స్ట్ కేస్ సినారియో' గుర్తు తెచ్చుకో. మాకీలు తిరగబడి నౌకను పట్టుకుంటారు. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. తీరా అది హోలోడెక్‌లో, అంటే కల్పిత దృశ్యాలను నిజంలా చూపే గదిలో, ఆడుకునే కథ! టువాక్ భద్రతా శిక్షణ కోసం రాసి, అక్కర్లేదని వదిలేసిన అభ్యాసం. నిజంగా జరగాల్సిన తిరుగుబాటును ఆటబొమ్మల కథగా చూపించారు. ఈ కథలో ఏముందో రచయితలకు తెలుసనడానికి అదే సాక్ష్యం. తెలిసీ వదిలేశారన్నదే నా కోపం.

నిర్వాహకుడు:
రెండో పాదంలో ఒక్క, చక్క ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి. తేటగీతిలో నిరభ్యంతరంగా వాడవచ్చు. మూడో పాదంలో 'దారి' మాట ప్రయాణ కథకు అతికినట్టు సరిపోయింది. ఈ వారానికి నాకు ఎక్కువ నచ్చిన పాదం అదే.

ఉల్క:
కొత్త సభ్యుణ్ణి. పద్యం రాయడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. 1997లో వచ్చిన 'ఇయర్ ఆఫ్ హెల్' అనే రెండు భాగాల ఎపిసోడ్ మీద రాశాను.

నరకమందున నొకయేడు నలిగి నలిగి
గోడ లూడిన నావతో ఢీకొనంగఁ
గాలచక్రము వెనుకకుఁ గదలిపోయి
చెక్కుచెదరని నావయె చెడిన నావ

నిర్వాహకుడు:
స్వాగతం. సమస్యలోని విరుద్ధార్థాన్ని కథలో జరిగిన సంఘటనతోనే విప్పారు. పూరణ అంటే ఇలాగే ఉండాలి. గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో యతి ఒక్కటే తప్పింది. 'గో'కు 'ఢీ' కుదరదు, ప్రాసయతి కూడా లేదు. 'గోడ లూడిన నావతో గుద్దుకొనఁగఁ' అనండి. గో, గు యతిమైత్రి సరిపోతుంది. అర్థమూ మారదు.

ఇక ఆ ఎపిసోడ్ గురించి. అందులో కెప్టెన్ తరువాతి అధికారి చకోటే ఆమె పుట్టినరోజుకు ఒక జేబుగడియారం ఇస్తాడు. ఆమె తీసుకోదు. దాన్ని తయారుచెయ్యడానికి అయిన శక్తితో ఒక పూట భోజనమో, ఒక జత బూట్లో వస్తాయని చెప్పి, కరిగించెయ్యమంటుంది. ఎంత కఠినంగా చెబుతుందో, ఆ కాఠిన్యం వెనక ఎంత ఆకలి ఉందో! చూపు పోయిన టువాక్‌కు సిబ్బందిలోని సెవెన్ అనే అమ్మాయి దగ్గరుండి సాయం చేస్తుంది. సిబ్బందిలో చాలామంది నౌకను వదిలి వెళ్లిపోవలసి వస్తుంది. చివరికి జేన్‌వే ఒక్కతే మిగిలి, శిథిలమైన వాయేజర్‌ను కాలాన్నే మార్చగల శత్రువుల నౌక మీదికి నేరుగా తోలుతుంది. కాలం మొదటికి వస్తుంది. ఎవరికీ ఏమీ గుర్తుండదు. గడియారమూ లేదు, గాయమూ లేదు.

ఈ కథను సీజన్ అంతా నడపాలని రచయిత బ్రానన్ బ్రాగా అనుకున్నారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. అప్పటి వ్యాపారం అలాంటిది. తరువాత స్థానిక ఛానళ్లకు పునఃప్రసారానికి అమ్మాలంటే ఏ ఎపిసోడ్ ఏ రోజు వేసినా అర్థమవ్వాలి. అందువల్ల ప్రతి వారం కథ బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. ఇంటికి నడిచే కథకు ఇంతకన్నా పెద్ద శాపం ఇంకేముంటుంది?

ఉల్క:
సవరణ తీసుకున్నాను సార్. ఆ రెండు భాగాలు చూశాకే నేను మిగతా సిరీస్ మొదలుపెట్టాను. అంతా అలాగే ఉంటుందనుకున్నాను.

ధ్రువం:
అందరూ ఒకే వైపు లాగుతున్నారు. నేను ఎదురు నిలబడతాను.

నాయకి యొకర్తె మొదటిగా నడుపుచుండ
మరలలో నున్న మగువయు మనిషి యయ్యె
ఎవరు చెప్పిరి మీకిట్లు చెవినిఁ జేరి
చెక్కుచెదరని నావయె చెడిన నావ?

స్టార్ ట్రెక్ సిరీస్‌లలో ప్రధానపాత్రగా ఒక మహిళా కెప్టెన్ రావడం ఇదే మొదలు. నాలుగో సీజన్లో సెవెన్ ఆఫ్ నైన్ వచ్చాక, బోర్గ్ యంత్రసమూహం నుంచి విడివడిన ఆ అమ్మాయి మళ్లీ మనిషిగా మారే తీరు చూడండి. డాక్టర్ పాత్ర చూడండి. 'లివింగ్ విట్‌నెస్', 'టైమ్‌లెస్' లాంటి ఎపిసోడ్లు ఏ సిరీస్‌లో ఉన్నా తలమానికాలే. చెడిన నావ అనడానికి నోరెలా వచ్చింది మీకు?

వేగుచుక్క:
మూడో పాదంలో యతి ఎక్కడుంది ధ్రువం గారూ? ఎ, చె కుదరవు కదా?

నిర్వాహకుడు:
ఎవరు, చెవిని. రెండో అక్షరం 'వ' కలిసింది. ఇదీ ప్రాసయతే, దోషం లేదు. సమస్యను ప్రశ్నగా మార్చి తిప్పికొట్టడం పాత పద్ధతే అయినా, ధ్రువం గారు దాన్ని మనస్ఫూర్తిగా వాడారు. పద్యానికి పూర్తి మార్కులు.

వాదంతో మాత్రం సగమే ఏకీభవిస్తాను. ఆ నావలో నిజంగా ఎదిగినవాళ్లు ఎవరో చూడండి. ఒకరు కాంతితో చేసిన డాక్టర్, మరొకరు యంత్రాల్లోంచి వచ్చిన సెవెన్. నౌకలోని యువ అధికారి హ్యారీ కిమ్ ఏడేళ్లూ ఎన్‌సైన్ అనే అట్టడుగు అధికారి హోదాలోనే ఉండిపోయాడు. అతని తోటి అధికారి టామ్ పారిస్‌కు హోదా తీసేసి మళ్లీ ఇచ్చారు గానీ, హ్యారీని ఒక్క మెట్టు ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. మార్చడానికి అనుమతి ఉన్న పాత్రలతో ఆ రచయితలు ఎంత చెయ్యగలరో మీరు చెప్పిన ఎపిసోడ్లే చూపిస్తున్నాయి. ఆ అనుమతి అందరికీ ఉండి ఉంటే ఎలా ఉండేదన్నదే నా బాధ.

గొల్లకావిడి:
దానికి జవాబు సిరీస్‌లోనే ఉంది. 1999లో వచ్చిన 'ఈక్వినాక్స్'. వాయేజర్ లాగే దారితప్పిన మరో స్టార్‌ఫ్లీట్ నౌక. ముక్కలైపోయి, సగానికి సగం మంది చచ్చిపోయి, ఇంటికి త్వరగా చేరాలన్న ఆత్రంతో వేరే జీవులను చంపి ఇంధనంగా వాడుకునే స్థితికి దిగజారిన నౌక. మన సిరీస్ కథ అదే కావాలి. దాన్ని ఇంకొకరి నౌక మీద పెట్టి రెండు ఎపిసోడ్లలో ముగించారు. పైగా చివర్లో ఆ నౌక నుంచి మిగిలిన కొద్దిమందిని జేన్‌వే హోదాలు తీసేసి తన సిబ్బందిలో చేర్చుకుంటుంది. ఆ తరువాత వాళ్లు మళ్లీ కనిపించరు! హంతకులు పక్క గదిలో ఉంటే మెస్‌లో ఒక్కరూ గొంతెత్తరా?

పిల్లలకోడి:
అదే సమయంలో రొనాల్డ్ మూర్ వాయేజర్‌కు రచయితగా వచ్చి కొద్ది కాలానికే వెళ్లిపోయారు. ఆయన చేతిలోనే 2003లో బాటిల్‌స్టార్ గెలాక్టికా అనే మరో అంతరిక్ష సిరీస్ కొత్త రూపంలో వచ్చింది. అక్కడ నీళ్లకు కరువు, ఇంధనానికి కరువు. బతికున్నవాళ్ల సంఖ్య బోర్డు మీద రాసి, ఒకరు పోతే చెరిపి తగ్గిస్తారు. ఆ ఒక్క బోర్డు వాయేజర్‌లో ఉండి ఉంటే!

ధ్రువం:
అక్కా, అందరూ అలా చీకట్లోనే బతకాలా? వాయేజర్‌లో ఉన్న ఆశ నాకు ముఖ్యం.

పిల్లలకోడి:
ఆశ నాకూ ముఖ్యమే తమ్ముడూ. 75 ఏళ్ల దారి అని తెలిసీ బయలుదేరడమే ఆశ. ఆ దారిలో ఏమీ పోగొట్టుకోకపోతే ఆశ పెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

నిర్వాహకుడు:
ఇంత చర్చ తరువాత నా పూరణ. ముగింపు ఎపిసోడ్ 'ఎండ్‌గేమ్' మీద. భవిష్యత్తు నుంచి ముసలి జేన్‌వే కొత్త ఆయుధాలతో వచ్చి దారి తెరుస్తుంది. నౌక భూమి ముందు తేలుతుంది. అంతే, అయిపోయింది. ఎవరి తల్లి ఎవరిని హత్తుకుందో, మాకీలను జైల్లో పెట్టారో క్షమించారో, సెవెన్ ఎక్కడికి వెళ్లిందో చూపించలేదు.

ఇంటి గుమ్మము దూరానఁ గంటఁ బడియె
తెరను దించిరి మాటైనఁ దెలుపరైరి
తీరలేదయ్యె నేడేండ్ల తీపి యాశ
చెక్కుచెదరని నావయె చెడిన నావ

వేగుచుక్క:
'తీపి యాశ' దగ్గర ఆగిపోయాను. మూడో పాదం 'తీరలేదయ్యె' కాస్త సాగినట్టుంది. 'తీరకుండెను' అంటే ఎలా ఉంటుంది?

నిర్వాహకుడు:
'తీరకుండెను' అంటే 'తీర' హగణం, 'కుండెను' భగణం. ఆ తరువాత 'ఏడేండ్ల' మూడో గణంగా సరిపోతుంది, కానీ 'కుండెను నేడేండ్ల' అనాల్సి వచ్చి 'నేడు' అన్న భ్రమ కలుగుతుంది. 'లేదయ్యె నేడేండ్ల'లోనూ ఆ చిక్కు కొంత ఉంది గానీ, 'లేదు' అన్న మాట చెవిన పడాలని దాన్నే ఉంచుతున్నాను.

ఈ వారం మెచ్చుకోలు పిల్లలకోడి గారి పద్యానికి. ఉల్క గారు సవరించిన పద్యం మళ్లీ పెట్టాలి. ధ్రువం గారు 'లివింగ్ విట్‌నెస్' మీద విడిగా ఒక పద్యం రాస్తే అందరం చదువుతాం.

వచ్చే వారం సమస్య ఆటవెలదిలో, విషయం మీ ఇష్టం:

మరువలేని కథకు మరుపు మందు