వరిగడ్డితో ఇథనాల్: ఉత్తరాంధ్రలో ఫ్యాక్టరీ పెడితే గిట్టుబాటవుతుందా?

ఎంవీపీ_మూర్తి:
హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వరిగడ్డి నుంచి ఇథనాల్, అంటే పెట్రోల్లో కలిపే ఆల్కహాలు, తీసే ప్లాంటు కట్టింది. 2022 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. ఖర్చు 900 కోట్లకు పైనే. ఏటా 2 లక్షల టన్నుల గడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. ఒడిశాలోని బర్గఢ్‌లో భారత్ పెట్రోలియం (బీపీసీఎల్) కట్టింది. అస్సాంలో నుమాలిగఢ్ రిఫైనరీ వాళ్లు వెదురుతో మొదలుపెట్టారు. మనకి విశాఖ మల్కాపురంలో రిఫైనరీ ఉంది, పోర్టు ఉంది, శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా వరి ఉంది. కోత మిషన్లు వచ్చాక చాలాచోట్ల గడ్డిని పొలంలోనే అంటించేస్తున్నారు. పొగయ్యే సరుకు పెట్రోల్లో కలిస్తే ఎవరికి నష్టం?

గాజువాక_మెకానిక్:
ముందు ఆ కలిపిన పెట్రోలు సంగతి తేల్చండి గురూ. పాత స్కూటర్ల కార్బురేటర్లు విప్పితే రబ్బరు వాషర్లు ఉబ్బిపోయి బయటికొస్తున్నాయి. తిట్లు మాత్రం నాకు.

ఎంవీపీ_మూర్తి:
అది వేరే చర్చ. గడ్డితో చేసినా బియ్యంతో చేసినా ఇథనాల్ ఇథనాలే.

గాజువాక_మెకానిక్:
వేరే ఎలా అవుతుంది? ఎక్కేది మా బండి ట్యాంకులోకే కదా. మైలేజీ తగ్గుతుందా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి.

ఏయూ_కెమికల్:
తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో మూడింట రెండొంతులే. ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి, తగ్గట్టు తయారుకాని కార్లకు 6-7 శాతం, బైకులకు 3-4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగే రాసింది. ఇక అసలు విషయానికొస్తే, మూర్తి గారూ, మీ అంకెల్నే భాగించండి. టన్ను గడ్డికి 150 లీటర్లు. చెరకు మడ్డినుంచి తీసినంత తేలిక కాదిది. గడ్డిలో చక్కెర సెల్యులోజ్‌గా బిగుసుకుని ఉంటుంది, చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం కాపలా. ముందు ఆవిరితోనో పలుచని ఆమ్లంతోనో ఉడికించాలి, తర్వాత ఎంజైములు వేయాలి, అవి చవక కాదు. ఇంతా చేస్తే అందులో ఒక రకం చక్కెరని మామూలు ఈస్టు ముట్టుకోదు. పైగా వరిగడ్డిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఎక్కువ, మిషన్ల బ్లేళ్లు అరిగిపోతాయి.

ఎంవీపీ_మూర్తి:
150 అన్నది తొలి ప్లాంటు లెక్క తమ్ముడూ. సిద్ధాంతం ప్రకారం ఇంకా చాలా రావాలి. ముప్ఫయ్యేళ్లు ప్లాంట్లలోనే పనిచేశాను, మొదట్లో ఏ ప్లాంటైనా తక్కువే ఇస్తుంది.

ఏయూ_కెమికల్:
మొదట్లో కాదండీ, కొన్ని అసలు నిలబడలేదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో డ్యూపాంట్ కంపెనీ మొక్కజొన్న చొప్పతో 2015లో తెరిచి 2017లో చేతులెత్తేసింది. రొమేనియాలో క్లారియంట్ గోధుమగడ్డి ప్లాంటుని 2023 చివర్లో మూసేస్తున్నట్టు ప్రకటించింది. డబ్బూ టెక్నాలజీ లేనివాళ్లా వాళ్లు?

ఎంవీపీ_మూర్తి:
బ్రెజిల్లో రైజెన్ కంపెనీ చెరకు పిప్పితో నడుపుతోందిగా, అది చెప్పవేం?

పెందుర్తి_పిల్లోడు:
నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో జనం రోడ్డెక్కారు, మర్చిపోయారా? ఇథనాల్ ఫ్యాక్టరీ అంటే కంపు, నీళ్లు ఖాళీ.

ఏయూ_కెమికల్:
అది ధాన్యంతో చేసేది బ్రో. ఇక్కడ మాట్లాడేది గడ్డి. నీళ్లు మాత్రం దీనికీ కావాలి, అది నిజం.

చోడవరం_రైతు:
చెరకు పిప్పి అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా వైపు బెల్లం వండేది ఆ పిప్పితోనే. గానుగ దగ్గర ఎండబెట్టి, పెనం కింద పొయ్యిలోకి తోస్తాం. ఒక్కో ఏడు అది కూడా చాలక కట్టెలు కొంటాం. మిల్లుల్లో బాయిలర్‌కీ అదే. ఇక గడ్డి. మా ఊళ్లో ఎవడూ అంటించడు సార్. గేదె ఉన్నవాడికి సంవత్సరం మేత అది. అంటించేది ఎక్కువ గోదావరి వైపు, ఆ లెక్క తెచ్చి మా మీద వెయ్యకండి. ఎకరాకి రెండు టన్నులనుకున్నా 2 లక్షల టన్నులకి లక్ష ఎకరాల గడ్డి కావాలి. అంతా మీరు పట్టుకుపోతే పాలకేంద్రంలో పాలెవరు పోస్తారు?

ఎంవీపీ_మూర్తి:
మిగిలిందే కొంటారు బాబూ, మేత ఎవరూ లాక్కోరు. బేలర్ వస్తుంది, కట్టలు కట్టి తీసుకుపోతుంది, మీకు డబ్బొస్తుంది. దేనికీ ఒప్పుకోకపోతే ఎలా?

చోడవరం_రైతు:
డబ్బొస్తుంది అనీసి చెరకు తోలినప్పుడు కూడా చెప్పారండి. మా వైపు ఓ మిల్లుకి తోలితే డబ్బులు మళ్లీ పంట వేసేదాకా రాలేదు. మా చెల్లి పెళ్లికి వడ్డీకి తెచ్చాను. తూకం వాళ్లదే, రేటు వాళ్లదే, తారీఖు కూడా వాళ్లదే. గడ్డికైతే చెరకులాగ కేంద్రం కట్టిన ధర కూడా లేదు.

గాజువాక_మెకానిక్:
రైతు గారు చెప్పింది కరెక్ట్. వాషర్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సీతమ్మధార_లక్ష్మి:
కోతలు నవంబర్, డిసెంబర్లో, తుపాన్లూ అప్పుడే. పొలంలో తడిసిన గడ్డి రెండ్రోజుల్లో నల్లబడిపోతుంది. ఫ్యాక్టరీ ఏడాదంతా నడవాలంటే అంత గడ్డి ఎక్కడ దాస్తారు? ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంవీపీ_మూర్తి:
షెడ్లు వేస్తారమ్మా. ప్రతిదానికీ వంక పెడితే ఏ పనీ జరగదు. నిజం చెప్పాలంటే ఈ ప్రాంతపు రైతుకి కొత్తది అంటేనే భయం. మాకు సబ్బవరం దగ్గర ఆరెకరాలుంది. కౌలుకిచ్చాం. ఆ కౌలుదారు గడ్డంతా ఊరికే పట్టుకుపోతున్నాడు, అమ్ముకుంటున్నాడని కూడా విన్నాను. దానికో రేటంటూ ఉంటే భూమి ఉన్నవాడికీ నాలుగు రూపాయలు మిగులుతాయి.

చోడవరం_రైతు:
ఇదా సంగతి! ఇంతసేపూ పానిపట్, పొగ, దేశం అన్నారు. గడ్డి ఊరికే పట్టుకుపోతున్నాడా? దున్నిందెవరు, ఎరువేసిందెవరు, కోత మిషన్‌కి గంటకింతని కట్టిందెవరు? నాను కూడా కౌలుకే చేస్తున్నాను. గింజల్లోంచి మీ కౌలు బస్తాలు కొలిచీసాక మాకు మిగిలేది ఆ గడ్డీ, గేదె పాలూ. దానికి రేటొస్తే రేపు కౌలుతో పాటు గడ్డిలో వాటా కూడా అడుగుతారు, అంతేనా?

ఎంవీపీ_మూర్తి:
మాటలు జాగ్రత్త. వయసులో పెద్దవాణ్ని. నేను అడిగానా వాటా?

చోడవరం_రైతు:
ఇంకా అడగలేదు సార్. పైన మీరు రాసిన చివరి వాక్యం మీరే చదువుకోండి.

పెందుర్తి_పిల్లోడు:
😶

సీతమ్మధార_లక్ష్మి:
మూర్తి గారూ, ఒక్క ప్రశ్న. ఫ్యాక్టరీ వస్తే గడ్డి డబ్బు ఎవరి ఖాతాలో పడాలంటారు? భూమి పట్టా ఉన్నవారి ఖాతాలోనా, పండించినవారి ఖాతాలోనా?

ఎంవీపీ_మూర్తి:
కంపెనీ కాగితం చూసి ఇస్తుంది కదమ్మా. పట్టా ఎవరి పేరునుంటే వాళ్లకే. తర్వాత వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

చోడవరం_రైతు:
అందుకే అంటున్నాను. ధాన్యం అమ్మకానికి కూడా ఇదే తిప్పలు. 2019లో చట్టం తెచ్చారు, కౌలుదారుకి సాగుదారు హక్కు కార్డు, పదకొండు నెలలకి. దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. మీ సబ్బవరం కౌలుదారుకి పెట్టారా సార్?

ఎంవీపీ_మూర్తి:
అది మా కుటుంబ విషయం. భూమి ఉమ్మడిలో ఉంది, మా అన్నయ్య ఒప్పుకోడు. సంతకం పెడితే రేపు హక్కంటారని భయం.

ఏయూ_కెమికల్:
ఆ చట్టంలో కార్డు వల్ల భూమి మీద హక్కు రాదని స్పష్టంగానే ఉంది కదండీ.

ఎంవీపీ_మూర్తి:
ఉంటే ఉంది. అన్నయ్యకి మీరు చెప్పండి.

చోడవరం_రైతు:
నంబరు ఇమ్మనండి, చెప్తాను. కార్డొచ్చాక నానే బేలర్ పిలిపిస్తాను, మీ ఫ్యాక్టరీకే తోలుతాను. రేటు ముందు కాగితం మీద పెట్టి, కాటా వేసిన రోజే డబ్బులిస్తే.

గాజువాక_మెకానిక్:
ఎవరైనా వాషర్ల గురించి చెప్తారా లేదా?