కొత్తవాడికి ముందు ఏ డోజర్ నేర్పాలి: లివర్లదా, జాయ్‌స్టిక్‌దా?

దేవనహళ్లి బండి:
మా అన్న కొడుక్కి 22 ఏళ్లు. మదనపల్లె నుంచి వచ్చి ఆరు నెలలుగా దేవనహళ్లి లేఅవుట్ పనిలో నా దగ్గర హెల్పర్‌గా ఉన్నాడు. గ్రీజు కొట్టడం, చైను బిగువు చూడటం వచ్చు. సైటులో 8 టన్నుల చిన్న హైడ్రోస్టాటిక్ డోజర్ ఉంది, అంటే ఆయిల్ ఒత్తిడితో చైన్లు తిరిగే బండి. గేరూ లేదు, క్లచ్చూ లేదు. ఎడం చేతి జాయ్‌స్టిక్‌తో బండి, కుడి చేతి దానితో బ్లేడు. పోయిన ఆదివారం ఎక్కిస్తే పావుగంటలో ముందుకీ వెనక్కీ తిప్పేశాడు. మా పాత ఆపరేటర్ పెద్దాయన మాత్రం "ఇది నిన్నమొన్నటి బొమ్మ. లివర్ల బండి ఏడాది తోలితేగానీ వాడు ఆపరేటర్ కాడు" అంటున్నాడు. నిజమేనా, లేక పాతకాలం పంతమా?

పాత లివరు:
పెద్దాయన మాటే రైటు. నేను నేర్చుకున్నది స్టీరింగ్ క్లచ్ బండి మీద. ఎడమకి తిరగాలంటే ఎడమ లివర్ లాగాలి, ఆ వైపు చైనుకి పవర్ తెగుతుంది. ఇంకా చాలకపోతే ఆ వైపు బ్రేకు తొక్కాలి. కానీ ఖాళీ బ్లేడుతో దిగుడు దిగుతూ అదే లివర్ లాగారనుకోండి, బండి కుడికి పోతుంది! పవర్ తెగిన చైను బరువుకి జారి ముందుకి ఉరుకుతుంది, రెండోదాన్ని ఇంజన్ పట్టి ఉంచుతుంది. ఒకసారి చెరువు కట్ట మీద నుంచి దిగుతూ ఈ సంగతి మర్చిపోయి ఎడమ లివర్ లాగాను. కుడి చైను అంచు దాటి సగం గాల్లో నిలబడింది. బ్లేడు కింద పడేసి, చెమటలు ఆరేదాకా సీట్లోంచి కదల్లేదు. అలాంటి భయం ఒకసారి తగిలినవాడే జాగ్రత్తగా తోలతాడు.

పీణ్య పంపు డాక్టర్:
అన్నా, ఆ తిరకాసు హైడ్రోస్టాటిక్‌లో లేనే లేదు కదా! ఇందులో ఇంజన్ పంపుల్ని తిప్పుతుంది. ఒక్కో చైనుకి ఒక పంపు, ఒక మోటారు. మలుపులో కూడా రెండు చైన్లకీ పవర్ ఉంటుంది, లోపలి వైపుది నెమ్మదిస్తుంది, అంతే. దిగుడులో జాయ్‌స్టిక్ మధ్యకి తెస్తే ఆయిలే బండిని పట్టుకుంటుంది. లేని గండానికి ఏడాది తాలీము ఎందుకు? నిన్నమొన్నటిదీ కాదు, జాన్ డీర్ వాళ్లు 1970ల్లోనే ఇలాంటివి తెచ్చారు.

నా అనుభవంలో పాత అలవాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లివర్ల బండి నుంచి వచ్చినవాళ్లు థ్రాటిల్ తగ్గించి మట్టి నెడతారు, ఇంజన్ మూలుగుతుంది. దీన్ని ఫుల్ థ్రాటిల్‌లో పెట్టేసి, వేగాన్ని జాయ్‌స్టిక్‌తోనూ కాలి దగ్గరి డిసిలరేటర్‌తోనూ చూసుకోవాలి. ఆ పెడల్ కారుకి పూర్తిగా రివర్స్: తొక్కితే నెమ్మదిస్తుంది, వదిలితే మళ్లీ వేగం అందుకుంటుంది. కారు తోలే పిల్లలు కంగారులో కాలు తీసేస్తారు. ముందు నేర్పాల్సింది ఇది.

హొస్కోట లెవెలు:
మీరిద్దరూ స్టీరింగ్ దగ్గరే ఆగిపోయారు. పావుగంటలో తిప్పాడంటే అది బండి గొప్పతనం, మీ పిల్లాడిది కాదు. డోజర్ పనంటే బ్లేడు పని.

వాడు లెవెల్ చేసిన నేల మీద చెప్పులు విప్పి నడిచి చూడండి. సిమెంటు రేకు మీద నడిచినట్టుంటుంది. ఎందుకంటే బ్లేడు ముందుంటుంది, చైన్లు వెనకుంటాయి. బ్లేడు అంగుళం లోతుకి కోసిందనుకోండి, చైను ఆ గుంటలోకి దిగగానే ముక్కు వంగుతుంది, బ్లేడు ఇంకా లోతుకి పోతుంది. కొత్తవాడు హడలిపోయి ఎత్తుతాడు, అక్కడ దిబ్బ మిగులుతుంది. దాని మీదికెక్కితే ముక్కు లేస్తుంది, ఈసారి దించుతాడు. చిన్న బండికి చైను పొట్టి, కాబట్టి ఈ ఊపు ఇంకా ఎక్కువ.

విరుగుడు ఒక్కటే. బ్లేడులో సగం మట్టి ఉంచుకుని, నత్తనడకన, అలలకి ఐమూలగా నడపాలి. గుంట వస్తే ఆ మట్టే నింపేస్తుంది. జాయ్‌స్టిక్‌ని పట్టుకోకూడదు, వేళ్లతో తాకాలి. ముక్కు వంగేది కంటికంటే ముందు సీటు కింద నడుముకి తెలుస్తుంది. అది తెలిసేదాకా ఏ బండైనా ఒకటే.

పాత లివరు:
బ్లేడు సంగతి ఒప్పుకున్నా. కానీ కూడు పెట్టేది ఏది? కేజీఎఫ్‌లో తయారైన పాత బీఈఎంఎల్ కంపెనీ లివర్ల డోజర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జాయ్‌స్టిక్ ఒక్కటే వచ్చినవాణ్ణి వాటి మీద కూర్చోబెడితే నోరెళ్లబెడతాడు.

పీణ్య పంపు డాక్టర్:
ఆ మాట నిజమే అన్నా. అందుకు వారం పది రోజులు చాలు, ఏడాది అక్కర్లేదు అంటున్నా.

ఇంకోటి, నిలబడ్డచోటే గిర్రున తిప్పే సరదా మాన్పించండి. ఒక చైను ముందుకీ ఒకటి వెనక్కీ తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ మన ఎర్రమట్టిలో రాళ్లు చైనులోకి దూరితే చైను ఊడుతుంది. ఎక్కించడానికి సగం రోజు, పైగా మిషన్ ఓనర్ తిట్లు.

దేవనహళ్లి బండి:
ఈ ఆదివారం మళ్లీ ఎక్కించాను. 20 మీటర్లకి తాడు కట్టి లెవెల్ చేయమన్నా. హొస్కోట అన్న చెప్పినట్టే, అచ్చం రేకు. చెప్పులు విప్పి వాడినే నడవమన్నాను, నవ్వు ఆగిపోయింది. సగం మట్టితో ఐమూలగా పోయాక నాలుగోసారికి కాస్త దారికొచ్చింది. పెద్దాయన దూరంగా కుర్చీ వేసుక్కూర్చుని "ఎత్తకురా, ఎత్తకు!" అని అరుస్తూనే ఉన్నాడు. ఏడాది మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నాకు పంపు డాక్టర్ గారి లెక్కే నచ్చింది. ముందు దీని మీదే బ్లేడు కుదరనిస్తాను. తర్వాత ఒక వారం లివర్ల బండి కావాలి. చింతామణి వైపైనా ఫర్వాలేదు, ఎవరి దగ్గరైనా ఉందా?

పాత లివరు:
మా బావ దగ్గర ఒకటుంది, శిడ్లఘట్ట దాటాక. డీజిల్ మీది. బ్యాటరీ కూడా మీరే తెచ్చుకోవాలి.