మావయ్యగారికి రోజూ ఆపిలే పెట్టాలా, జామకాయ చాలదా?

గుంటూరు కోడలు:
మా మావయ్యగారికి డెబ్బై దాటాయి. పన్నెండేళ్లుగా షుగర్. చూడ్డానికొచ్చే చుట్టాలంతా ఆపిల్స్ సంచీతోనే వస్తారు. రోజుకొకటి పడకపోతే నీరసమంటారాయన. మొన్న కిలో 220 పెట్టి తెచ్చాను. పక్క బండి మీద జామకాయలు 80. అవి తెస్తే "జలుబు చేస్తుందమ్మా" అని పక్కన పెట్టేస్తారు. పైగా అత్తయ్యగారు ఆపిల్ తొక్కంతా చెక్కేసి, మిక్సీలో వేసి, వడకట్టి గ్లాసులో ఇస్తారు. పిప్పి చెత్తబుట్టలోకి. నిజంగా ఆపిల్‌లో అంత బలం ఉందా?

లెక్కల మాస్టారు:
అమ్మా, జామకాయే కొనండి. వంద గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల పైనే. ఆపిల్‌లో 5 కూడా ఉండదు. పీచు జామలో 5 గ్రాములు, ఆపిల్‌లో తొక్కతో కలిపినా రెండున్నర. మన సంగారెడ్డి జిల్లా కోహీర్ జామ ఏ కొండలూ దిగి రానక్కర్లేదు. రోజుకో ఆపిల్ తింటే డాక్టర్‌తో పని లేదన్న సామెత బ్రిటన్‌లోని వేల్స్‌ది, 1866 నాటికే అచ్చులో ఉంది. దాన్నీ 2015లో అమెరికాలో పరీక్షించారు. 8,399 మందిలో రోజూ ఆపిల్ తినేవాళ్లు 753. చదువు, పొగతాగే అలవాటు వంటి తేడాలు సరిచేసి చూస్తే, డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో తినేవాళ్లకీ తిననివాళ్లకీ తేడా లేదు.

పండ్ల కొట్టు:
మాస్టారూ, జామ రెండో రోజుకే మెత్తబడుతుంది, ఆపిల్ వారం నిలుస్తుంది. జనం కొనేది అందుకే. సిమ్లా, కాశ్మీర్ సరుకు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోస్తారు. ఎండాకాలంలో దొరికేది కోల్డ్ స్టోరేజీది. నిగనిగలాడే కాయ మీద గోటితో గీకండి, తెల్లగా పొడి లేస్తే అది మైనం. తినదగిన మైనాలకు అనుమతి ఉంది. అయినా గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగమనే చెప్తాను.

డయాలసిస్ వార్డు:
మాస్టారూ, అదే అధ్యయనంలో రోజూ ఆపిల్ తినేవాళ్లు డాక్టర్ రాసే మందులు కాస్త తక్కువ వాడారనీ ఉంది, అది వదిలేశారు. తినేవాళ్లు మొదటి నుంచీ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లేమో అంటే ఒప్పుకుంటాను. కానీ సి విటమిన్ ఒక్కటే పట్టుకుని పండుకి మార్కులు వేయకండి. ఆపిల్‌లో పెక్టిన్ అనే కరిగే పీచుంది. అది కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. క్వెర్సెటిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు తొక్కలోనే ఎక్కువ.

అమ్మాయ్, నాకు భయమేసింది ఆ గ్లాసు గురించే. 2013లో అమెరికాలో దాదాపు 1,87,000 మంది మీద వచ్చిన అధ్యయనంలో ఆపిల్, ద్రాక్ష, బ్లూబెర్రీ పండుగా తిన్నవాళ్లలో షుగర్ జబ్బు తక్కువ, పళ్లరసం ఎక్కువ తాగినవాళ్లలో ఎక్కువ. వడకడితే పీచు పోతుంది, చక్కెర గ్లాసులో మిగులుతుంది.

ఇంకొకటి. పన్నెండేళ్ల షుగర్ అన్నావు. ఈమధ్య క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించారా? మా వార్డులో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పకుండా పండ్లు ఎంచి పెడతాం. వంద గ్రాముల ఆపిల్‌లో అది 110 మిల్లీగ్రాముల లోపే. జామలో దానికి రెండింతలు దాటుతుంది. మంచిదని రోజుకి రెండు జామకాయలు తిని, గుండె లయ తప్పి వచ్చిన పెద్దాయన్ని నేను చూశాను. జామ ఒక్కటే కారణమని చెప్పలేను. కానీ ఆ రాత్రి ఆయన కూతురు "పండే కదా మేడమ్" అంటూ ఏడ్చింది.

లెక్కల మాస్టారు:
పొటాషియం సంగతి నేను ఆలోచించలేదు, ఆ మాటకి ఒప్పుకున్నాను. కిడ్నీలు బాగున్నవాళ్లకి మాత్రం నా మాట నాదే. మా బళ్లో పిల్లలకి వారానికోసారి ఆపిల్ ముక్క కన్నా రోజూ దోరజామ నయం. జామ తింటే జలుబన్నది కూడా వదిలేయాలి, జలుబు వచ్చేది వైరస్ వల్ల.

గుంటూరు కోడలు:
నిన్న పాత ఫైలు తీశాను. క్రియాటినిన్ చూపించి ఏడాదిన్నర అయింది, రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాం. రిపోర్టు వచ్చేదాకా జామ తేను. మిక్సీ పక్కన పెట్టాను. మావయ్యగారికి పళ్లు కదులుతున్నాయి కాబట్టి ఇవాళ కాయ కడిగి, తొక్కతోనే తురిమి గిన్నెలో ఇచ్చాను. "గరగరలాడుతోందే" అన్నారు గానీ, గిన్నె ఖాళీ చేశారు.