ఎమ్మారై కాంట్రాస్ట్ తర్వాత కాల్షియం 6.1: గ్లూకోనేట్ ఎక్కించాలా?

ప్రశ్న (డ్యూటీ డాక్టర్):
నమస్తే. పేషెంట్ జీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 42. పొద్దున గాడోడయమైడ్ (గడోలినియం ఉన్న కాంట్రాస్ట్ మందు) ఇచ్చి ఎమ్మారై తీశారు. మూడు గంటల తర్వాత తీసిన రక్తంలో కాల్షియం 6.1 మి.గ్రా./డెసిలీటర్ వచ్చింది. నిన్న 9.2 ఉంది, అల్బుమిన్ (కాల్షియాన్ని మోసే రక్త ప్రోటీన్) 4. తిమ్మిర్లు లేవు, చేతివేళ్లు కొంకర్లు పోవడం లేదు, ఈసీజీలో క్యూటీ (కాల్షియం తగ్గితే సాగే విరామం) మామూలుగానే ఉంది. ల్యాబ్ నుంచి క్రిటికల్ వాల్యూ (ప్రమాదకర స్థాయి) అని ఫోన్ వచ్చింది. కాల్షియం గ్లూకోనేట్ (నరంలోకి ఎక్కించే కాల్షియం) మొదలుపెట్టాలా?

జవాబు 1 (బయోకెమిస్ట్రీ):
ఇప్పుడే ఎక్కించకండి సర్. ల్యాబ్‌లో కాల్షియం కొలవడానికి ఏ రీఏజెంట్ (పరీక్ష రసాయనం) వాడారో ముందు కనుక్కోండి. ఓసీపీసీ అనే రంగు రసాయనం అయితే అనుమానం దాని మీదే. ఆ రంగు కాల్షియంతో కలిస్తే ఊదాగా మారుతుంది, ఆ ఊదా ఎంత చిక్కగా ఉందో మెషీన్ చూస్తుంది. గాడోడయమైడ్‌లో గడోలినియం పట్టు వదులు, రీఏజెంట్ దాన్ని ఊడలాగుతుంది. దాంతో ఊదా పలచబడి కాల్షియం తక్కువ చూపిస్తుంది. ఒంట్లో కాల్షియం మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే సీరంని ఆర్సెనజో-3 అనే వేరే రంగు వాడే పద్ధతిలో మళ్లీ చేయించండి.

అదే శాంపిల్‌లో పొటాషియం కూడా చూడండి. అది విపరీతంగా పెరిగి, ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్) పడిపోయి ఉంటే తప్పు కాంట్రాస్ట్‌ది కాదు, ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసే, పొటాషియం ఉన్న రసాయనం) ట్యూబులోని రక్తం ఇందులో కలిసింది.

జవాబు 2 (ఐసీయూ):
తేల్చేది అయనైజ్డ్ కాల్షియమే (ప్రోటీన్లకు అంటుకోని, ఒంట్లో పనిచేసే భాగం), ఏబీజీ (రక్త వాయువుల) మెషీన్‌లో వస్తుంది. లీటరుకి 1.12–1.32 మిల్లీమోల్ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండండి. మామూలు సిరంజిని హెపారిన్‌తో (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కడిగి వాడొద్దు. మిగిలిన హెపారిన్ కాల్షియాన్ని పట్టేసి ఇక్కడ కూడా తక్కువ చూపిస్తుంది. ఎలక్ట్రోలైట్ బ్యాలెన్స్‌డ్ డ్రై హెపారిన్ సిరంజి (కాల్షియాన్ని పట్టేయకుండా తయారుచేసిన పొడి హెపారిన్ ఉన్నది) కావాలి. గాలిబుడగ తీసేసి వెంటనే పంపండి.

కొంకర్లు, ఫిట్స్ వచ్చినా, క్యూటీ సాగినా రిపోర్టు కోసం ఆగకండి: 10 శాతం గ్లూకోనేట్ 10 మి.లీ., పది నిమిషాల్లో, మానిటర్ చూస్తూ. డిగాక్సిన్ (గుండె మందు) వాడే పేషెంట్‌కి అవసరం లేని కాల్షియం రిథమ్ చెడగొడుతుంది, అది మరవొద్దు.

జవాబు 3 (రేడియాలజీ):
ఈ ఇబ్బంది గాడోడయమైడ్, గాడోవెర్సెటమైడ్‌లతోనే. ఇతర ఎమ్మారై కాంట్రాస్ట్‌లైన గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్‌తో రాదు. కాల్షియం రక్తం స్కాన్‌కి ముందే తీయండి, లేదా 24 గంటలు ఆగండి. ఈ పేషెంట్‌కి కిడ్నీ మందగించింది కాబట్టి ఇంకా ఎక్కువే ఆగాలి. కేసు షీటులో కాంట్రాస్ట్ పేరు, ఇచ్చిన టైము రాస్తే ల్యాబ్‌వాళ్లే పట్టుకుంటారు.

సీటీలో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ సంగతి వేరు. అక్కడ కాల్షియం కాదు, 48–72 గంటల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), దాంతోపాటు పొటాషియం చూడాలి.