రక్తం బాగా పోయి చనిపోతే శవం మీద మరకలు రావా?

కర్నూలులో ఎంబీబీఎస్ చదువుతున్నాను. వచ్చే వారం ఫోరెన్సిక్ వైవా, ఒకటే టెన్షన్. సీనియర్లు, ఈ సబ్జెక్టు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మామూలుగా గుండె ఆగాక రక్తం కిందివైపుకు దిగి ఊదారంగు మరకలు పడతాయి. ఒకట్రెండు గంటల్లో తెలుస్తాయి, 6 నుంచి 12 గంటల్లో స్థిరపడతాయి, అంటే ఆ తర్వాత శవాన్ని తిప్పినా మరకల చోటు మారదు. ఇంతవరకు బాగానే ఉంది. కత్తిపోటుతో రక్తమంతా బయటికి పోతే ఇక దిగడానికి ఏముంటుంది? మరకలు లేతగా పడతాయా, అసలు కనిపించవా? కనిపించకపోతే శవాన్ని తర్వాత ఎవరైనా తిప్పారో లేదో ఎలా పట్టుకుంటారు?

రక్తం తక్కువుంటే బ్యాక్టీరియా ఒళ్లంతా పాకడం తగ్గి, కుళ్లడం ఆలస్యమవుతుందని కూడా చదివాను. మరి మా ఊరి మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో (ఇక్కడ పొద్దున వండిన పప్పే సాయంత్రానికి పులుస్తుంది) ఆ ఆలస్యం లెక్కలోకి వస్తుందా?

నన్ను అసలు ఇరికించింది ఇది. యాక్సిడెంట్‌లో ప్లీహం (స్ప్లీన్) చిట్లి రక్తం కడుపులోనే నిలిచిపోయిందనుకోండి. అప్పుడు మరకలు లేతగానే ఉంటాయా? కుళ్లడం ఆలస్యమవుతుందా, లేక ఆ రక్తం పేగుల పక్కనే ఉంది కాబట్టి త్వరగా మొదలవుతుందా? నా పుస్తకం దీన్ని రెండు లైన్లలో దాటేసింది.